క్లెయిమ్ ఫైల్లో డయాగ్నోసిస్ కోడ్లు: చెదిరినవాటిని దిద్దడం, జత కలపడం

అమెరికా బిల్లింగ్ ఫైల్లో ఒక రో చూడండి. రోగి పురుషుడు, 58 ఏళ్లు, యాంజియోగ్రామ్ బిల్లు. డయాగ్నోసిస్ సెల్‌లో 125.1 అని ఉంది. జబ్బులకు కోడ్లిచ్చే అంతర్జాతీయ పట్టికను ఐసీడీ అంటారు. దాని పాత కూర్పు ఐసీడీ-9లో ఈ అంకె నిక్షేపంగా దొరుకుతుంది: మలయన్ ఫైలేరియాసిస్, అంటే బోదకాలు కుటుంబంలోని జబ్బు. కేస్ షీట్ చూసి కోడ్ వేసే కోడర్ ఇచ్చింది మాత్రం ఐ25.10, గుండె రక్తనాళాల్లో పూడిక. టైపు చేసినచోట ఐ అక్షరం బదులు 1 పడింది. అక్షరం పోయేసరికి ఎక్సెల్ దాన్ని సంఖ్య అనుకుని చివరి సున్నా కొట్టేసింది. తర్వాత ఎవరో దాన్ని పాత పట్టికతో జత కలిపారు, జత కుదిరింది. మూడు చేతులు మారేసరికి గుండెజబ్బు కాస్తా బోదకాలైంది. ఎక్కడా ఎర్రర్ రాలేదు.

డయాగ్నోసిస్ కోడ్లతో ఉన్న ముప్పంతా ఇక్కడే ఉంది. చెల్లని కోడ్ ఎలాగూ పట్టుబడుతుంది. చెల్లుబాటయ్యే తప్పు కోడ్ పట్టుబడదు. కాబట్టి పని మొదలుపెట్టేముందే రెండు విషయాలు విడదీసుకోవాలి. రాతలో వచ్చిన తప్పు వేరు, అర్థంలో వచ్చిన తప్పు వేరు. రాతను నియమాలు పెట్టి యంత్రంతో దిద్దించవచ్చు. జబ్బేమిటో తేల్చే అధికారం మాత్రం డేటా టీముకు లేదు, అది కేస్ షీట్ చూసే కోడర్‌ది, ఆపైన డాక్టరుది. ఈ గీత దాటితే శుభ్రం చేసిన ఫైలు మురికి ఫైలు కన్నా ప్రమాదం, ఎందుకంటే దాన్ని అందరూ నమ్ముతారు.

చదివేవారికి ఒక సూచన. ఇక్కడ కోడ్లలోని ఇంగ్లిషు అక్షరాలను పలికినట్టే తెలుగులో రాశాం. ఐ25.10, ఈ11.9, ఓ80, ఎస్72.0 ఇలా. మీ ఫైల్లో అవి ఇంగ్లిషు పెద్దక్షరాలుగానే ఉండాలి.

ముందు ఏ పట్టికో తేల్చండి

విశాఖలో ఈ పని రెండు దారుల్లో వస్తుంది. ఒకటి మన ఆసుపత్రుల క్లెయిములు: మహారాణిపేట, ఆరిలోవ హెల్త్ సిటీ వైపు ఆసుపత్రుల నుంచి టీపీఏలకు (బీమా కంపెనీల తరఫున క్లెయిములు చూసే సంస్థలకు), బీమా కంపెనీలకు, ప్రభుత్వ పథకానికి వెళ్లేవి. రెండోది రుషికొండ, మధురవాడ వైపు ఆఫీసుల్లో చేసే అమెరికా బిల్లింగ్. రెండింట్లోనూ ఐసీడీ-10 అనే అంటారు గానీ రెండూ ఒకటి కాదు. మొదటిదానికి ఆధారం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10. రెండోదానికి ఆధారం అమెరికా తనకు తగ్గట్టు పెంచుకున్న ఐసీడీ-10-సీఎం, అక్కడ 2015 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు అమెరికా క్లెయిములన్నీ ఐసీడీ-9-సీఎంలో ఉంటాయి.

ఒకే రాతకు రెండు పట్టికల్లో రెండు అర్థాలు ఉండే చోట్లున్నాయి. ఎస్72.01 తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో ఎముక విరిగినప్పుడు అయిదో స్థానంలో 0 అంటే చర్మం చిట్లని విరుపు, 1 అంటే చర్మం చీల్చుకుని బయటపడ్డ విరుపు. అంటే ఇది తొడఎముక మెడ దగ్గర ఓపెన్ ఫ్రాక్చర్. అమెరికా పట్టికలో అదే ఎస్72.01 కీలు తొడుగు లోపలి విరుపు. దానికి ఓపెనా క్లోజ్డా అన్న సంగతితో సంబంధం లేదు, పైగా అది పూర్తి కోడ్ కూడా కాదు. కుడో ఎడమో చెప్పే అంకె, ఆ తర్వాత ఏడో అక్షరం వస్తేగాని బిల్లుకు పనికిరాదు.

పట్టిక పేరు ఫైల్లో రాసి ఉంటే మంచిదే. అమెరికా కాగితపు ఫారం సీఎంఎస్-1500లో 21వ బాక్సులో సూచిక ఉంటుంది, 0 అంటే ఐసీడీ-10, 9 అంటే ఐసీడీ-9. అక్కడి ఎలక్ట్రానిక్ క్లెయిములు వెళ్లే 837 అనే ఫైలైతే కోడ్ ముందు గుర్తు చూడండి. ఏబీకే, ఏబీఎఫ్ అని ఉంటే ఐసీడీ-10, బీకే, బీఎఫ్ అని ఉంటే ఐసీడీ-9. మనదేశపు క్లెయిమ్ ఫారం పార్ట్-బీలో ఐసీడీ-10 అని ముద్రించే ఉంటుంది. ప్రైమరీ డయాగ్నోసిస్, అడిషనల్, కోమార్బిడిటీ గడులు వేర్వేరుగా ఉంటాయి.

రాసి లేకపోతే ఆనవాళ్లు వెతకాలి. ఈ14 కనబడితే అది ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక. ఏ రకమో చెప్పని మధుమేహానికి వాళ్ల కోడ్ అది, అమెరికా పట్టికలో ఈ14 లేనేలేదు. ఓ82.1, అంటే ఎమర్జెన్సీ సిజేరియన్, కూడా అంతే. అమెరికా పట్టికలో ఓ82కు ఉపకోడ్లు లేవు. యూ07.2, అంటే పరీక్షలో తేలకుండా లక్షణాలను బట్టి రాసిన కోవిడ్, కూడా అక్కడ ఉండదు. అటువైపు నుంచి చూస్తే, ఆరు ఏడు అక్షరాల కోడ్లు, ఈ11.65, గర్భం వారాలు చెప్పే జెడ్3ఏ కనబడితే అమెరికా ఫైలు. ఒక్కో ఆసుపత్రి, ఒక్కో నెల చొప్పున ఈ ఆనవాళ్లు లెక్కపెట్టండి. ఫైలు మొత్తానికి ఒకే పట్టిక అని ముందే అనుకోవద్దు. కొన్ని ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్‌లో అమెరికా పట్టిక ఎక్కించి ఉంటుంది, పక్క ఆసుపత్రిలో పాత డబ్ల్యూహెచ్‌ఓ పట్టిక ఉంటుంది. రెండూ కలిసి ఒకే టీపీఏ ఫైల్లోకి వచ్చేస్తాయి.

ఫైలు తెరవడం దగ్గరే సగం నష్టం

సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్‌తో ఎక్సెల్‌లో తెరవకండి. తెరిస్తే 080 కాస్తా 80 అవుతుంది, 250.00 కాస్తా 250 అవుతుంది. ఆ తర్వాత కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చినా పోయిన సున్నాలు తిరిగి రావు, సేవ్ చేస్తే అసలు ఫైలూ పోయినట్టే. డేటా మెనూలో టెక్స్ట్ లేదా సీఎస్‌వీ నుంచి తెచ్చుకునే దారి వాడి, కోడ్ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకోండి. పవర్ క్వెరీ తనంతట తానే చేంజ్డ్ టైప్ అనే అడుగు ఒకటి చేర్చుతుంది, దాన్ని తీసేయండి. పైథాన్‌లో పాండాస్ వాడేవారు ఫైలు చదివే వరసలోనే అన్ని కాలమ్‌లూ స్ట్రింగ్ అని చెప్పాలి, చదివాక మార్చడం కాదు.

వచ్చిన ఫైలు ఇప్పటికే ఎక్సెల్ చేతిలో పడిందో లేదో చూడ్డానికి తేలిక గుర్తు ఒకటుంది. కాలమ్‌లో కొన్ని కోడ్లు ఎడమకు, కొన్ని కుడికి అతుక్కుని ఉంటే కుడివైపువి సంఖ్యలైపోయాయి. వాటిని ఫిల్టర్ చేసి, పంపినవారిని అసలు ఎక్స్‌పోర్ట్ మళ్లీ అడగండి. దిద్దుకోవడం కన్నా మళ్లీ తెచ్చుకోవడమే చవక.

తర్వాత రెండు పనులు. అసలు కోడ్ కాలమ్‌ను ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉంచి, పక్కన కొత్త కాలమ్‌లు తెరవండి: శుభ్రమైన కోడ్, పట్టిక పేరు, స్థితి, నియమం నంబరు. ఎప్పుడు ఎవరు అడిగినా ఈ మార్పు ఏ నియమం వల్ల వచ్చిందో చూపించగలగాలి. రెండోది, పేరు, ఫోన్, ఆధార్ నంబరు ఈ పనికి అక్కర్లేదు. క్లెయిమ్ నంబరు, వయసు, లింగం, అడ్మిషన్, డిశ్చార్జ్ తేదీలు, విభాగం, ప్రొసీజర్, మొత్తం సొమ్ము చాలు. మిగతావి మొదటి రోజే తీసేయండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఇందులో అలసత్వానికి చోటు లేదు. చట్టం సంగతి అటుంచినా, ఒక మనిషి జబ్బు వివరం ఇంకో మనిషి ల్యాప్‌టాప్‌లో ఊరికే పడి ఉండకూడదు.

రాతను ఒక దారికి తేవడం

డయాగ్నోసిస్ 1, 2, 3 అని పక్కపక్కన ఉన్న కాలమ్‌లను నిలువుగా పరవండి. ఒక్కో రోలో క్లెయిమ్ నంబరు, స్థానం, కోడ్ ఉండాలి. స్థానం పోగొట్టకండి, ప్రైమరీ ఏదో చెప్పేది అదే. ఆ తర్వాత రోల మీద కాకుండా వేర్వేరు రాతల మీద పనిచేయండి. రెండు లక్షల రోలున్నా వేర్వేరు రాతలు కొన్ని వేలకు మించకపోవచ్చు. ఎక్కువసార్లు వచ్చిన రాత ముందు వచ్చేట్టు పేర్చుకుంటే, పైనున్నవాటిని దిద్దిన కొద్దీ ఫైలు గబగబా తేలికపడుతుంది.

శుభ్రం చేసే వరస ముఖ్యం. ముందు కంటికి కనబడని అక్షరాలు తీయాలి. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన కోడ్‌లో మామూలు ఖాళీకి బదులు 160 నంబరు ఖాళీ ఉంటుంది, ఎక్సెల్ ట్రిమ్ దాన్ని ముట్టుకోదు. దాన్ని విడిగా తీసేయాలి. తర్వాత అన్నీ పెద్దక్షరాలు చేయాలి. తర్వాత ఒకే సెల్‌లో ఉన్న రెండు మూడు కోడ్లను విడగొట్టాలి: కామా, స్లాష్, ప్లస్, సెమికోలన్, సెల్ లోపలే ఎంటర్ కొట్టి విరిచిన వరస, అన్నీ విడగొట్టే గుర్తులే. చివరగా చుక్కలు, ఖాళీలు, అడ్డగీతలు తీయాలి. శ్రేణులను ముందు పక్కన పెట్టకుండా అడ్డగీతలు తీసేస్తే ఐ20-ఐ25 అనే శ్రేణి ఐ20ఐ25 అనే ముద్దగా మారిపోతుంది. శ్రేణి కోడ్ కాదు, దాన్ని పక్కన పెట్టి కోడర్‌కు పంపాలి. అలాగే ఈ11.- అని చివర గీత ఉంటే పుస్తకంలో ఇంకా అంకె కావాలని అర్థం. గీత తీసేసి పూర్తి కోడ్ అనుకోకండి, అసంపూర్ణం అని రాయండి.

కోడ్ పక్కన కత్తి గుర్తు (†), నక్షత్రం గుర్తు (*) కనబడితే పారేయకండి. డబ్ల్యూహెచ్‌ఓ పద్ధతిలో కత్తి గుర్తు మూలజబ్బుకు, నక్షత్రం దాని ప్రభావానికి. ఈ11.3 కత్తి గుర్తుతో, హెచ్36.0 నక్షత్రంతో వస్తే షుగరు వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నదని. విడగొట్టాక గుర్తును వేరే కాలమ్‌లో దాచండి. నక్షత్రం కోడ్ ఒంటరిగా ప్రైమరీ స్థానంలో ఉందంటే విడగొట్టేటప్పుడు ఏదో జారిపోయింది.

జత కలపడానికి చుక్క లేని రూపం వాడండి, చూపించడానికి మూడో అక్షరం తర్వాత చుక్క పెట్టండి. 837 ఫైళ్లలో చుక్క ఉండదు కాబట్టి ఇదే హాయి. ఒక్క చోట జాగ్రత్త. ఐసీడీ-9 కలిసే ఫైలైతే చుక్క తీసేముందే పట్టిక పేరు తేలాలి. ఈ850 ఐసీడీ-9 అయితే నొప్పి మాత్రలు పొరపాటున మింగిన కేసు. అదే ఐసీడీ-10లో ఈ85.0, అమిలాయిడోసిస్. వి27.0 ఐసీడీ-9లో తల్లికి ఒక బిడ్డ క్షేమంగా పుట్టడం, ఐసీడీ-10లో వి27 మోటారు సైకిల్ కదలకుండా ఉన్న వస్తువును గుద్దుకున్న ప్రమాదం. పట్టిక తెలియకుండా కోడ్‌కు అర్థం లేదు.

సున్నా, ఓ, ఒకటి, ఐ

ఎక్కువ అల్లరి చేసేది ఈ జంట. కాన్పు కోడ్ ఓ80లో మొదటిది ఓ అక్షరం. టైపు చేసేవారు సున్నా కొడితే 080 అవుతుంది, ఎక్సెల్ తగిలితే 80. ఐసీడీ-9లో 080 పేల ద్వారా వచ్చే టైఫస్ జ్వరం. 070 అంటే వైరల్ హెపటైటిస్, కానీ ఓ70 అంటే కాన్పులో పెరినియం చిరగడం. బీపీ కోడ్ ఐ10ని 110గా కొడితే ఐసీడీ-9లో తామర. ప్రసూతి వార్డు నిండా టైఫస్ రోగులు కనిపిస్తే ఆశ్చర్యపోకండి, కీబోర్డు వైపు చూడండి.

దిద్దే నియమం స్థానాన్ని బట్టి ఉండాలి. ఐసీడీ-10 కోడ్‌లో మొదటిది ఎప్పుడూ అక్షరమే, కాబట్టి అక్కడ 0 ఉంటే ఓ, 1 ఉంటే ఐ, 5 ఉంటే ఎస్, 8 ఉంటే బీ అనే ప్రయత్నం చేయొచ్చు. రెండో స్థానం ఎప్పుడూ అంకె, అక్కడ ఓ ఉంటే 0. మూడో స్థానం నుంచి జాగ్రత్త. డబ్ల్యూహెచ్‌ఓ పట్టికలో అంకెలే గానీ, అమెరికా పట్టికలో సీ7ఏ, ఎం1ఏ, జెడ్3ఏ లాంటివి ఉన్నాయి, గాయాల కోడ్లలో ఏడో స్థానంలో ఏ, డీ, ఎస్ వస్తాయి, మధ్యలో ఖాళీ నింపే ఎక్స్ వస్తుంది. అన్నిచోట్లా అక్షరాన్ని అంకె చేసే గుడ్డి నియమం వీటన్నిటినీ పాడుచేస్తుంది.

దిద్దాక మూడు షరతులూ తీరితేనే అంగీకరించండి. దిద్దిన కోడ్ మాస్టర్‌లో, అంటే అధికారిక కోడ్ల జాబితా పెట్టుకున్న టేబుల్‌లో, ఉండాలి. అసలు రాత ఆ క్లెయిమ్ కాలానికి, ఆ పట్టికకు చెల్లకూడదు. క్లెయిమ్‌లో ఇంకో సాక్ష్యం దన్నుగా ఉండాలి: లింగం, వయసు, విభాగం, ప్రొసీజర్, ప్యాకేజీ ఏదైనా. 080 పక్కన 26 ఏళ్ల స్త్రీ, ప్రసూతి విభాగం ఉంటే ఓ80 అని దిద్దొచ్చు. ఏ సాక్ష్యమూ లేకపోతే కోడర్ దగ్గరికి.

ఇప్పుడు మొదటి రోకు వద్దాం. 125.1కి ఐ పెడితే ఐ25.1 వస్తుంది. అమెరికా పట్టికలో అది శీర్షిక మాత్రమే, బిల్లుకు చెల్లదు. పోయిన సున్నా సంగతి ఇలా తేలుస్తారు: ఐ25.1తో మొదలయ్యే పూర్తి కోడ్లన్నీ తీసి, ఒక్కోదాని చివరి సున్నాలు కొట్టేసి చూడండి. ఐ25.10 మాత్రమే 125.1గా మారుతుంది. ఐ25.110 అయితే 125.11, ఐ25.119 అయితే 125.119 మిగులుతాయి. సున్నా పోతే ఈ రూపం ఇవ్వగలిగేది ఒక్కటే కాబట్టి, ఎక్సెల్ దాన్ని సంఖ్య చేసిందన్న ఆధారం కూడా ఉంటే, ఐ25.10 అని ఖాయం చేయొచ్చు. రెండు వచ్చి ఉంటే ఆగిపోవాల్సిందే.

కోడ్ మీద కోడ్‌కు ఎడిట్ డిస్టెన్స్ (ఎన్ని అక్షరాలు మారిస్తే ఒక రాత ఇంకోటి అవుతుందో చూసే లెక్క) మాత్రం ఎప్పుడూ వాడకండి. ఈ10, ఈ11 మధ్య తేడా ఒక్క అంకె. ఒకటి టైప్-1 షుగరు, రెండోది టైప్-2. దగ్గరి కోడ్ అనే మాటకు ఇక్కడ అర్థమే లేదు.

మాస్టర్‌తో జత

మాస్టర్ టేబుల్‌లో కనీసం ఇవి ఉండాలి: చుక్క లేని కోడ్, పట్టిక పేరు, వివరణ, పూర్తి కోడా శీర్షికా అన్న గుర్తు, అమల్లోకి వచ్చిన తేదీ, ముగిసిన తేదీ. అమెరికా పట్టికకు ప్రభుత్వం ఏటా ఆర్డర్ ఫైలు ఉచితంగా ఇస్తుంది. అందులో 7 నుంచి 13వ స్థానం దాకా కోడ్, 15వ స్థానంలో 0 ఉంటే శీర్షిక, 1 ఉంటే బిల్లుకు చెల్లే కోడ్, 17 నుంచి చిన్న వివరణ. కామాలు ఉండవు, స్థానాలను బట్టే కత్తిరించాలి.

జత కలిపేటప్పుడు కోడ్ ఒక్కటే చాలదు, పట్టిక పేరు, తేదీ కూడా తాళంలో ఉండాలి. ఇన్‌పేషెంట్‌కు డిశ్చార్జ్ తేదీ, అవుట్‌పేషెంట్‌కు సేవ జరిగిన తేదీ. నడుంనొప్పి కోడ్ ఎం54.5 2021 సెప్టెంబరు 30 వరకు చెల్లింది, అక్టోబరు 1 నుంచి ఎం54.50, ఎం54.51, ఎం54.59గా విడిపోయింది. క్లెయిమ్ పంపిన తేదీతో చూస్తే సెప్టెంబరు డిశ్చార్జులన్నీ చెల్లనివిగా తేలతాయి.

దొరకనివాటిలో తోకలు అతికించినవి చాలా ఉంటాయి. ఐ10.0, ఐ10.9, ఐ10ఎక్స్ అని వస్తాయి, సాఫ్ట్‌వేర్ నాలుగో గడి ఖాళీగా వదలనివ్వకపోతే మనుషులు ఏదో ఒకటి నింపుతారు. తోక తీస్తే వచ్చే కోడ్‌కు కింద పిల్లలు, అంటే ఉపకోడ్లు, లేకపోతే అంగీకరించొచ్చు. ఐ10 అలాంటిదే. పిల్లలుంటే తోక తీయకూడదు. అమెరికా పట్టికలో కే40.90 పూర్తి కోడ్, సున్నా తీస్తే కే40.9 శీర్షిక అవుతుంది, డబ్ల్యూహెచ్‌ఓ పట్టికలో కే40.9యే పూర్తి కోడ్. అందుకే చివరి సున్నాలన్నీ కోసేసే నియమం రాసినవారు తెలియకుండా రెండు పట్టికలను కలిపేస్తారు.

ఇక ఒక నియమం గోడ మీద రాసుకోదగ్గది: పైకి వెళ్లొచ్చు, కిందికి దిగకూడదు. ఈ11.65ను ఈ11 గుంపులో లెక్కపెట్టడం తప్పుకాదు. ఈ11ను ఎక్కువమందికి అదే ఉంటుందిగదా అని ఈ11.9 చేయడం తప్పు. ఈ11.9 అంటే చిక్కులు లేని షుగరు అని ఖచ్చితమైన మాట. డాక్టరు చెప్పని మాటను ఫైలు చెప్పినట్టవుతుంది.

ఆరోగ్య పథకాల ప్యాకేజీ కోడ్లు డయాగ్నోసిస్ కాలమ్‌లోకి చొరబడటం మన దగ్గర మామూలే. ప్యాకేజీ చికిత్స పేరు చెబుతుంది, జబ్బు పేరు కాదు. ప్యాకేజీ జాబితాను పక్కన పెట్టుకుని, దానితో కలిసినవాటిని వేరే కాలమ్‌కు మార్చండి, డయాగ్నోసిస్ లేదు అని స్థితి రాయండి. సిజేరియన్ ప్యాకేజీ ఉంది కాబట్టి ఓ82 అని మీరే రాసేయడం కిందికి దిగడమే.

కూర్పులు మారినచోట

కొన్ని జబ్బుల కోడ్లు ఏళ్ల వారీగా మారాయి. విశాఖ ఫైళ్లలో వర్షాకాలం రాగానే ఇది తగులుతుంది. డెంగీకి పాత కూర్పులో ఏ90, రక్తస్రావంతో వస్తే ఏ91. డబ్ల్యూహెచ్‌ఓ తర్వాతి కూర్పులో ఏ97 వచ్చింది: ప్రమాద సంకేతాలు లేనిది 97.0, ఉన్నది 97.1, తీవ్రమైనది 97.2. రెండూ కలిసి వచ్చిన ఫైల్లో ఏ90ని ఏ97.0గా మార్చకండి, పాత కోడ్‌లో ప్రమాద సంకేతాల ప్రస్తావన లేదు. మూడు కోడ్లనూ డెంగీ అనే ఒక గుంపుకు చేర్చే టేబుల్ రాసుకోండి. అపెండిసైటిస్‌కు పాత కే35.0, కే35.1, కే35.9, తర్వాత కే35.2, కే35.3, కే35.8. ఇదీ గుంపుతోనే తీరేది.

కిడ్నీ కేసులు ఇంకాస్త దగ్గరగా చూడాలి. ఉద్దానం వైపు నుంచి డయాలిసిస్‌కు వచ్చే ఒకే రోగి ఏడాది క్లెయిములు పరిస్తే ఎన్18.0, ఎన్18.5, ఎన్18.6, ఎన్18.9, జెడ్49.1, జెడ్99.2 అన్నీ కనబడవచ్చు. చూడగానే గందరగోళం అనిపిస్తుంది గానీ ఇందులో సగం సబబే. ఎన్18.0 పాత కూర్పులో చివరి దశ, కొత్త కూర్పులో ఆ స్థానం అయిదో దశ ఎన్18.5ది, ఎన్18.6 అమెరికా పట్టికది. జెడ్49.1 ఆ రోజు చేసిన డయాలిసిస్ కోసం రావడం, జెడ్99.2 డయాలిసిస్ మీద ఆధారపడి ఉండటం. ఈ రెండూ జబ్బు కోడ్లు కావు, వచ్చిన కారణం, ఉన్న స్థితి. వీటిని ఎన్18.5గా తిరగరాయకండి. రోగి స్థాయిలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనే గుంపు గుర్తు పెట్టి, క్లెయిమ్ స్థాయిలో కోడ్లను ఉన్నవి ఉన్నట్టు వదిలేయండి.

ఐసీడీ-9 నుంచి 10కి మార్చే జీఈఎం ఫైళ్లు అమెరికా ప్రభుత్వానివి, ఆఖరు కూర్పు 2018ది. వాటిలో సుమారుగా సరిపోతుంది అనే గుర్తు ఉన్న జతలు చాలా ఉంటాయి, ఆ గుర్తును మీ ఫైల్లోకి కూడా తెచ్చుకోండి. 9 నుంచి 10కి ఉన్న ఫైలును తిరగేస్తే 10 నుంచి 9 ఫైలు రాదు, రెండూ వేరు. ఇంకో గొయ్యి: ఒక కోడ్‌కు రెండు జతలుంటే జాయిన్ చేశాక ఆ క్లెయిమ్ రెండు రోలవుతుంది, రూ.48,000 క్లెయిమ్ రూ.96,000గా లెక్కకెక్కుతుంది. ప్రతి జాయిన్‌కు ముందూ వెనకా క్లెయిముల సంఖ్య, మొత్తం సొమ్ము సరిపోయాయో చూడండి. సొమ్మును నిలువుగా పరిచిన టేబుల్‌లో అసలు పెట్టకపోవడం ఇంకా మేలు.

మాటల్లో రాసిన డయాగ్నోసిస్

కోడ్ లేక పొడి అక్షరాలే ఉన్న క్లెయిములకు పొట్టిమాటల జాబితా కావాలి, అదీ విభాగం వారీగా. పీఐడీ అంటే గైనిక్‌లో పెల్విక్ ఇన్‌ఫెక్షన్, ఆర్థోలో వెన్నుపూసల మధ్య డిస్కు జారడం. ఆర్‌టీఏ క్యాజువాల్టీలో రోడ్డు ప్రమాదం, నెఫ్రాలజీలో కిడ్నీ గొట్టాల జబ్బు. ఎంఎస్ కార్డియాలజీలో మైట్రల్ స్టెనోసిస్, న్యూరోలో మల్టిపుల్ స్క్లెరోసిస్. ఏజీఈ అంటే వాంతులు విరేచనాలు, ప్రోగ్రాం మాత్రం దాన్ని వయసు అనుకోగలదు. విభాగం తెలియని క్లెయిమ్‌లో ఇలాంటి మాటకు కోడ్ ఇవ్వొద్దు.

మాట చుట్టూ ఉన్న గుర్తులే అసలు కథ చెబుతాయి. డెంగీ ముందు ప్రశ్నార్థకం ఉంటే, రూల్ అవుట్ అని ఉంటే అది అనుమానం. అమెరికా నియమాల్లో అవుట్‌పేషెంట్‌కు అనుమానాన్ని జబ్బుగా కోడ్ చేయకూడదు, జ్వరం ఆర్50.9 లాంటి లక్షణం కోడ్ ఇవ్వాలి. ఇన్‌పేషెంట్‌కు డిశ్చార్జ్ నాటికీ అనుమానంగానే మిగిలితే ఉన్నట్టుగానే కోడ్ చేయొచ్చు. బీపీ, షుగరు పాత రోగి, ఛాతీ ఇన్‌ఫెక్షన్‌తో చేరారు అని రాసి ఉంటే మొదట కనబడ్డ బీపీ ప్రైమరీ కాదు. చేరడానికి కారణమైన ఇన్‌ఫెక్షన్, జే22, ప్రైమరీ. వాక్యంలో మొదటి మాట తీసుకునే ప్రోగ్రాములు ఇక్కడే బోల్తాపడతాయి.

పోలిక చూసే ఫజీ మ్యాచింగ్‌ను సలహా దగ్గరే ఆపండి. హైపర్‌టెన్షన్, హైపోటెన్షన్ ఇంగ్లిషు స్పెల్లింగ్‌లో తేడా రెండు మార్పులే, స్కోరు బ్రహ్మాండంగా వస్తుంది, అర్థం తలకిందులు. హైపర్-హైపో, కుడి-ఎడమ, అక్యూట్-క్రానిక్, విత్-వితౌట్, టైప్ 1-2 జంటల్లో రెండు వైపులా ఒకే మాట ఉందో లేదో ముందు చూసి, లేకపోతే ఆ జతను స్కోరుతో పనిలేకుండా కొట్టేయండి. మిగిలినవాటిలో మూడు సలహాలు కోడర్ ముందు పెట్టండి. ఎంచుకునేది మనిషే.

వయసు, లింగం

పురుషుడికి ఓ కోడ్, స్త్రీకి ప్రోస్టేట్ ఎన్40 వంటివి ఎలాగూ చూస్తారు. నవజాత శిశువుల పీ కోడ్లు మాత్రం ఆలోచించి చూడాలి. 28 ఏళ్ల స్త్రీ క్లెయిమ్‌లో పీ07, అంటే నెలలు నిండని బిడ్డ, కనబడితే కోడ్ తప్పు కాకపోవచ్చు. బిడ్డకు ఇంకా కార్డు లేక తల్లి నంబరు మీద బిల్లు వేసి ఉంటారు. అక్కడ మార్చాల్సింది కోడ్‌ను కాదు, రోగి గుర్తింపును.

తనిఖీ, తిరిగి చెప్పడం

ఫైలు మొత్తం నుంచి కొన్ని రోలు తీసి చూస్తే చాలదు. ఒక్కో నియమం నుంచి విడివిడిగా తీయాలి. లేకపోతే రెండువందల సార్లు మాత్రమే పనిచేసిన చెడ్డ నియమం లక్ష మంచి రోల మధ్య దాక్కుంటుంది. ఒక నియమం దిద్దిన 300 రోలు కోడర్ చూసి ఒక్క తప్పూ దొరకకపోతే, ఆ నియమంలో తప్పుల శాతం 1 లోపే అని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. 300 లేకపోతే ఉన్నవన్నీ చూడండి. తప్పు దొరికితే ఆ రోను దిద్ది ఊరుకోకండి, నియమాన్ని ఆపి, అది ముట్టుకున్న రోలన్నీ వెనక్కి తిప్పండి. నియమం నంబరు కాలమ్ పెట్టుకున్నది ఇందుకే.

తేలనివి మిగులుతాయి. వాటిని ఆర్69, అంటే ఏ జబ్బో తెలియదు అనే కోడ్‌లోకి తోసేసి నూరు శాతం పూర్తయిందని చూపించకండి. తేలలేదు అనే స్థితే నిజం. ఆ జాబితాను ఆసుపత్రుల వారీగా విడగొట్టి, బిల్లింగ్ డెస్కుకు, కేస్ షీట్లు దాచే ఎంఆర్‌డీ విభాగానికి పంపండి. ఊరికే తప్పులున్నాయి అని కాకుండా మీరు పంపిన రాత, మాకు కావలసిన రాత, ఎన్నిసార్లు అని మూడు కాలమ్‌లతో పంపితే పని జరుగుతుంది. ఓ80 చోట 080 పదేపదే వస్తున్న డెస్కులో టైపు చేసే గడి తీసేసి, పేరుతో వెతికి ఎంచుకునే జాబితా పెట్టిస్తే ఆ తప్పు అక్కడితో ఆగుతుంది.

అక్టోబరు 1న అమెరికా మాస్టర్ కొత్తది ఎక్కించేటప్పుడు పాత రోలు తీసేయకండి, ముగింపు తేదీ వేసి ఉంచండి. ఏప్రిల్ 1న కూడా చిన్న మార్పులు వస్తాయి, అప్పుడూ అంతే. సెప్టెంబరులో డిశ్చార్జయిన రోగి క్లెయిమ్ మీ దగ్గరికి నవంబరులో వస్తుంది.